నౌషేరా గుట్టల మీద ఉస్మాన్



సైనికుడు చనిపోయాడన్న కబురు ఊళ్లోకి వస్తే మన నోట ముందు వచ్చే ప్రశ్న, "ఎట్లా పోయాడు?" అని. శత్రువుకు ఎదురెళ్లి పోయాడంటే రొమ్ము విరుచుకుంటాం. ప్రమాదంలో పోయాడనో, కాలికింద మందుపాతర పేలిందనో తెలిస్తే "అయ్యో పాపం" అంటాం. ఆ రెండు మాటలకూ మధ్య తేడా ఉంది. మొదటిది గౌరవం, రెండోది జాలి. 2021 డిసెంబర్ 8న తమిళనాడులోని కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు చనిపోయిన లాన్స్ నాయక్ సాయితేజ అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం వాడు, పారాచ్యూట్ రెజిమెంటు ప్రత్యేక దళంలో కమాండో. 2024 డిసెంబర్ 9న జమ్మూ కాశ్మీరులోని పూంచ్ జిల్లాలో గస్తీ తిరుగుతుండగా మందుపాతర పేలి చనిపోయిన హవల్దార్ వరికుంట్ల సుబ్బయ్య అప్పటి ప్రకాశం జిల్లా వాడే, 25వ రాష్ట్రీయ రైఫిల్స్ సైనికుడు. ఈ ఇద్దరికీ ప్రభుత్వ లాంఛనాలు జరిగాయి, జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. అయినా యుద్ధం చేస్తూ పోయినవాడికీ వీళ్లకూ మనసులో ఎక్కడో ఒక గీత గీసుకుంటాం. ఆ గీత తప్పని నా వాదన. చావు వచ్చిన తీరును బట్టి ధైర్యాన్ని కొలవలేం. చావుకు ముందు ఆ మనిషి వరసగా తీసుకున్న నిర్ణయాలను బట్టే కొలవగలం. దీనికి సాక్ష్యంగా ఒక పారాచ్యూట్ బ్రిగేడ్ నాయకుణ్ణి మీ ముందుకు తెస్తాను. ఆయన పేరు బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్. 1948 జూలై 3న జమ్మూ కాశ్మీరులోని ఝంగర్‌లో ప్రాణం విడిచారు.

పారాచ్యూట్ సైనికుడంటే మన కళ్ల ముందు కదిలేది విమానం తలుపులోంచి కిందికి దూకే మనిషి. ఆగ్రాలో శిక్షణ పొందేవాళ్లు ఐదుసార్లు దూకాలి, అందులో ఒకటి రాత్రిపూట. అది తేలికైన పనని ఎవరూ అనరు. కానీ లెక్క తీసి చూడండి. మన పారాచ్యూట్ దళాలు నిజమైన యుద్ధంలో శత్రువు ఉన్న చోట దూకిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 1945 మే 1న రంగూన్ దగ్గర ఎలిఫెంట్ పాయింట్‌లో గూర్ఖా పారాచ్యూట్ సైనికులు దూకారు. 1971 డిసెంబర్ 11న తూర్పు పాకిస్తాన్‌లోని టంగైల్‌లో రెండో పారా బెటాలియన్ దూకి పుంగ్లీ వంతెనను పట్టుకుంది. మిగతా పేరంతా నేల మీద సంపాదించిందే. 1941 అక్టోబరులో ఢిల్లీలో మొదలైన 50వ పారాచ్యూట్ బ్రిగేడ్‌నే తీసుకోండి. దాని మొదటి పెద్ద పోరాటం 1944 మార్చిలో మణిపూర్ కొండల్లోని సాంగ్‌షాక్ గ్రామం దగ్గర జరిగింది. ఒక్కరు కూడా ఆకాశంలోంచి దిగలేదు. నీళ్లు కూడా సరిగా దొరకని గుట్ట మీద దాదాపు వారం రోజులు జపాన్ సైన్యాన్ని నిలువరించారు. ఆ ఆలస్యం ఇంఫాల్, కోహిమాలను కాపాడుకోవడానికి పనికొచ్చింది. అంటే పారాచ్యూట్ దళం మెరూన్ టోపీ పెట్టుకున్నవాడికి దూకడం ఆ పనికి ప్రవేశ పరీక్ష మాత్రమే. చుట్టూ శత్రువు ఉన్న చోట, వెనకనుంచి సాయం ఎప్పుడొస్తుందో తెలియని చోట, పట్టుకున్న నేలను వదలకుండా ఉండడమే వాడి అసలు ఉద్యోగం. ఉస్మాన్ కథలో కూడా విమానం లేదు, పారాచ్యూట్ లేదు. ఉన్నదల్లా ఒక కూడలి, కొన్ని గుట్టలు, ఆరు నెలల కాలం.

ఉస్మాన్ 1912 జూలై 15న ఉత్తరప్రదేశ్ ఆజంగఢ్ ప్రాంతంలో పుట్టారు. ఇంగ్లండులోని సాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయంలో చదివిన భారతీయుల్లో చివరి జట్లలో ఒకరు. బలూచ్ రెజిమెంటులో అధికారిగా చేరి రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో పనిచేశారు. 1947లో దేశంతో పాటు సైన్యాన్ని కూడా పంచారు. బలూచ్ రెజిమెంటు పాకిస్తాన్ వంతుకు వెళ్లింది. ముస్లిం అధికారి, అందులోనూ ఆ రెజిమెంటువాడు కాబట్టి ఆయన అటే వెళతారని అందరూ అనుకున్నారు. రమ్మని పైస్థాయి నుంచి ఒత్తిడి వచ్చిందనీ, మున్ముందు సైన్యాధిపతిని చేస్తామన్నారనీ చెబుతారు. ఆయన వెళ్లలేదు. రెజిమెంటు మారి డోగ్రా రెజిమెంటులో చేరారు. నా లెక్కలో ఆయన ధైర్యానికి మొదటి రుజువు ఇక్కడుంది. ఇక్కడ తుపాకీ పేలలేదు. పదేళ్లకు పైగా కలిసి తిన్న, కలిసి పడుకున్న పటాలాన్ని వదులుకోవాలి. అటువైపు వాళ్లు ద్రోహి అంటారు, ఇటువైపు కొందరు అనుమానంగా చూస్తారు. రెండు వైపులా నష్టం వచ్చే దారిని తెలిసి ఎంచుకోవడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. ఆ తర్వాత ఆయనకు పారాచ్యూట్ బ్రిగేడ్ నాయకత్వం వచ్చింది. మొదట 77వ బ్రిగేడ్, తర్వాత 50వది.

ఇక యుద్ధభూమి. జమ్మూకు పడమటి దిక్కున, ఇప్పటి రాజౌరీ జిల్లాలో నౌషేరా అనే చిన్న పట్నం. దానికి కొంత దూరంలో ఝంగర్. మీర్‌పూర్ నుంచి, కోట్లీ నుంచి వచ్చే దారులు ఝంగర్‌లో కలుస్తాయి. కొండల్లో కూడలికి ఉండే విలువ నల్లమల అంచున ఉన్న మన దోర్నాల వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మార్కాపురం దారి, ఎర్రగొండపాలెం దారి, ఆత్మకూరు దారి, శ్రీశైలం దారి ఇక్కడే ముడిపడతాయి. ఇక్కడ అటవీశాఖ గేటు పడితే రాత్రి అడవిలోకి ఒక్క బండి కదలదు. ఝంగర్ కూడా అటువంటి చోటే, కాకపోతే అక్కడి గేటు తుపాకులతో కాపలా కాసేది. కాశ్మీరు కోసం జరిగిన యుద్ధంలో, 1947 డిసెంబర్ చివర్లో, పాకిస్తాన్ వైపు నుంచి వచ్చిన చొరబాటుదార్ల దాడికి ఆ కూడలి మన చేతినుంచి జారిపోయింది. ఇక తర్వాతి వంతు నౌషేరాదని తెలుస్తూనే ఉంది. సైన్యం స్థైర్యం దెబ్బతిన్న ఆ సమయంలో ఉస్మాన్ ఒక పట్టు పట్టారు. ఝంగర్ తిరిగి దక్కేదాకా మంచం మీద పడుకోనన్నారు. ఆ చలిలో నేల మీద చాప పరుచుకుని పడుకునేవారు. ఇలాంటి ప్రతిజ్ఞలను నేను మామూలుగా పెద్దగా పట్టించుకోను. మాట అనడం సులువు. అయితే దీని వెనక లెక్క ఉంది. తన సైనికులు గుట్టల మీద కందకాల్లో వణుకుతుంటే నాయకుడు కూడా హాయిగా లేడని రోజూ వాళ్ల కళ్లకు కనిపించాలి. బహుశా అంతకుమించి చెప్పాల్సిన పనిలేదు.

1948 జనవరిలో పడమటి రంగానికి అధిపతిగా వచ్చిన లెఫ్టినెంట్ జనరల్ కరియప్ప నౌషేరా చూడడానికి వచ్చారు. ఊరికి ఎగువన కోట్ అనే గుట్ట ఉంది, అక్కడి నుంచి నౌషేరా అరచేతిలో గీతలా కనిపిస్తుంది, అది శత్రువు చేతిలో ఉంటే ఊరు నిలవదు, దాన్ని నాకు కానుకగా ఇవ్వండని అడిగారు. ఫిబ్రవరి 1 తెల్లవారుజామున దాడి మొదలైంది. తెల్లారేసరికి గుట్ట దక్కిందనుకున్నారు. కానీ సైనికులు కోట్ పల్లెలోని ఇళ్లను పూర్తిగా గాలించకుండా ముందుకు సాగిపోయారు. ఇళ్లలో మిగిలిన శత్రువులు తేరుకుని ఎదురుతిరిగి, చూస్తుండగానే గుట్టను మళ్లీ లాక్కున్నారు. ఇట్లా జరగవచ్చని ఉస్మాన్ ముందే ఊహించి రెండు కంపెనీలను వెనక అట్టే పెట్టి ఉంచారు. వాటిని వెంటనే పంపించారు. మధ్యాహ్నం కాకముందే కోట్ తిరిగి మన చేతికొచ్చింది. సినిమాలో అయితే ఈ ఘట్టంలో నాయకుడు కత్తి దూసి ముందు పరిగెత్తాలి. ఇక్కడ ఆయన చేసింది గెలుపు మీద ఆశతో ఉన్నదంతా ఒక్కసారే ఒడ్డకుండా రెండు కంపెనీలను పట్టి ఆపడం. తన సైనికులు తప్పు చేయవచ్చని ముందే ఒప్పుకుని, ఆ తప్పుకు విరుగుడు పక్కన పెట్టుకోవడం కూడా యుద్ధంలో ధైర్యమే. కాకపోతే దానికి విగ్రహం చెక్కడం కష్టం.

ఐదు రోజులకు, ఫిబ్రవరి 6న, వేల మంది నౌషేరా మీద విరుచుకుపడ్డారు. దాడి చేసినవాళ్లు 11,000 దాకా ఉంటారని అప్పటి అంచనా. ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. పోరాడింది సామాన్య సైనికులు, పేరు మాత్రం బ్రిగేడియరుకా? న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు తైన్‌ధార్ గుట్ట మీద దొరుకుతుంది. అక్కడి రెండో నంబరు పికెట్‌లో 27 మంది ఉన్నారు. అందులో నాయక్ జదునాథ్ సింగ్ చేతికింద తొమ్మండుగురు. ఆయన ఆ బ్రిగేడ్‌లో ఉన్న రాజ్‌పుత్ రెజిమెంటు ఒకటో బెటాలియన్ వాడు, పారాచ్యూట్ సైనికుడు కాదు. మొదటి దాడిని తిప్పికొట్టేసరికి నలుగురు గాయపడ్డారు. రెండో దాడికి అందరికీ దెబ్బలు తగిలాయి. గాయపడిన వాడి దగ్గర బ్రెన్ తుపాకీ అందుకుని జదునాథ్ తానే కాల్చారు. మూడోసారి వచ్చినప్పుడు ఒంటరిగా స్టెన్ తుపాకీతో కందకం దాటి ఎదురెళ్లారు. తలకూ రొమ్ముకూ గుండ్లు తగిలి అక్కడే పడిపోయారు. పికెట్‌లోని 27 మందిలో 24 మంది చనిపోవడమో తీవ్రంగా గాయపడడమో జరిగింది. సాయం అందేదాకా గుట్ట మాత్రం చేజారలేదు. ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది, ఉస్మాన్‌కు దానికంటే ఒక మెట్టు కింది మహావీర చక్ర. పతకాల వరస కూడా సామాన్యుణ్ణే పైన నిలబెట్టింది. ఆ రోజు మనవైపు చనిపోయినవాళ్లు 33 మంది, గాయపడినవాళ్లు 102 మంది. ఉస్మాన్‌ను తలుచుకోవడం ఆ 33 మందిని పక్కకు నెట్టినట్టు కాదు. ఐదు రోజుల ముందు కోట్ గుట్ట తీసుకోకపోయి ఉంటే తైన్‌ధార్‌లో వాళ్లు నిలిచే అవకాశమే ఉండేది కాదు. నాయకుడి నిర్ణయం, సైనికుడి పట్టుదల ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలిచాయి.

మార్చి 18న ఝంగర్ తిరిగి మన చేతికొచ్చింది. ఒక ఊళ్లోంచి మంచం తెప్పించి వేస్తే ఉస్మాన్ ఆ రాత్రి దాని మీద పడుకున్నారని చెబుతారు. అప్పటికే ఆయన తలకు 50,000 రూపాయల వెల కట్టారన్న వార్త పత్రికల్లో వచ్చింది. ఆ కాలంలో ఆ డబ్బుతో ఎన్ని ఎకరాల పొలం వచ్చేదో మీరే లెక్కవేసుకోండి. మే నెల వచ్చేసరికి పాకిస్తాన్ సైన్యం నేరుగా రంగంలోకి దిగింది, ఝంగర్ మీద ఫిరంగుల వర్షం మొదలైంది. మే, జూన్ గడిచాయి. కూడలిని వాళ్లు తీసుకోలేకపోయారు. జూలై 3 సాయంత్రం 25 పౌండర్ ఫిరంగి గుండు ఒకటి బ్రిగేడ్ కార్యాలయం దగ్గర పడి, దాని ముక్కలు తగిలి ఉస్మాన్ చనిపోయారు. ఇంకో పన్నెండు రోజులకు ఆయనకు 36 ఏళ్లు నిండేవి. ఆ యుద్ధంలో మరణించిన భారత సైనికాధికారుల్లో హోదాలో అందరికంటే పెద్దవారు ఆయనే.

నా వాదనకు అసలు పరీక్ష ఈ చావే. విమర్శకుడు ఇట్లా అనవచ్చు: మైళ్ల దూరం నుంచి గురి చూడకుండా వేసిన గుండు అది. అది ఎవరి మీదైనా పడేది. వంటవాడి మీద పడినా, కంచర గాడిద మీద పడినా దానికి తేడా లేదు. ఇందులో వీరత్వం ఎక్కడుంది? నేను ఒప్పుకుంటాను, గుండుకు తేడా తెలియదు. ఆ చివరి క్షణంలో ఉస్మాన్ ప్రత్యేకంగా చేసింది కూడా ఏమీ లేకపోవచ్చు. కానీ ప్రశ్నను కొంచెం పక్కకు జరిపి చూడండి. ఆ గుండు పడిన చోట ఆయన ఎందుకున్నారు? బ్రిగేడియర్ హోదా ఉన్నవాడు ఫిరంగులకు అందని దూరంలో కూర్చుని టెలిఫోనులో యుద్ధం నడపవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. తల మీద వెల ఉన్నవాడికి ఆ సాకు ఇంకా బాగా దొరుకుతుంది. ఝంగర్ చేజిక్కాక, ప్రతిజ్ఞ నెరవేరాక వేరే చోటికి బదిలీ అడిగినా అడగవచ్చు. ఆయన మార్చి నుంచి జూలై దాకా, ఫిరంగులు రోజూ అందుకునే చోటే ఉన్నారు. గుండు ఎక్కడ పడుతుందనేది దైవాధీనం అనుకుందాం. గుండ్లు పడే చోట నెలల తరబడి ఉండడం మాత్రం ఆయన చేతిలోని పనే. ధైర్యం అక్కడుంది, గుండు పడిన సెకనులో కాదు. ఈ కొలతతో చూస్తే మందుపాతర ఉండవచ్చని తెలిసిన దారిలో గస్తీకి నడిచిన సుబ్బయ్య, ఎప్పుడు పిలిస్తే అప్పుడు విమానంలోంచి దూకడానికి సంతకం పెట్టిన సాయితేజ జాలిపడవలసిన వరసలో నిలబడరు. అట్లాగని సైన్యంలో జరిగే ప్రతి మరణమూ ఒకే తూకం అని నేను అనడం లేదు. జదునాథ్ సింగ్ చేసింది వేరు, దానికి ఆ మెట్టు ఉండాల్సిందే. కాకపోతే మెట్లు వేసేటప్పుడు మనిషి చేసిన పనిని చూడాలి, చావు ఎంత నాటకీయంగా ఉందన్నది చూడకూడదు.

యుద్ధాన్ని పొగిడే ఇటువంటి ప్రసంగాలు పిల్లల్లో లేనిపోని ఉద్రేకాలు రేపుతాయని ఇంకొందరు అంటారు. వివరాలు లేకుండా పొగిడితే నిజంగానే రేపుతాయి. వివరాల్లోకి దిగితే వేడి దానంతటదే తగ్గుతుంది. ఉదాహరణకు, నౌషేరాలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు ఎందరో ఉండేవారు. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లను ఉస్మాన్ పోగుచేసి బాలసేన అని పేరుపెట్టి, చదువు చెప్పించి, తర్ఫీదు ఇప్పించారు. యుద్ధం జరుగుతుండగా ఆ పిల్లలు కాల్పుల మధ్య సమాచారం మోశారు. తర్వాత వాళ్లలో కొందరిని ప్రభుత్వం సత్కరించింది కూడా. దిక్కులేని పిల్లలకు కూడు, చదువు చూపించిన మనసును మెచ్చుకుంటాను. తన జీతంలో చాలా భాగాన్ని పేద పిల్లల చదువుకు ఇచ్చిన బ్రహ్మచారి ఆయన. కానీ పన్నెండేళ్లు నిండని పిల్లలను కాల్పుల్లోకి పంపడాన్ని మెచ్చుకోలేను. వేరే గతిలేని రోజులవి అన్న సమాధానం నాకు చాలదు. వీరుణ్ణి తలుచుకోవడమంటే ఆయన చేసిన ప్రతిదానికీ తల ఊపడం కాదు. ఆయన ప్రాణం తీసిన గుండు కూడా వేడి తగ్గించే అటువంటి వివరమే. 25 పౌండర్ బ్రిటిష్ ఫిరంగి, రెండు సైన్యాలూ అదే వాడేవి. ఒక ఏడాది ముందు ఒకే జెండా కింద ఉన్నవాళ్లు ఒకరి మీద ఒకరు అవే ఫిరంగులు పేల్చుకున్నారు. ఈ వివరం తెలిసిన పిల్లవాడికి యుద్ధం మీద మోజు పెరుగుతుందని నేను అనుకోను.

ఇక చివరి అభ్యంతరం కొంచెం సున్నితమైనది. ఉస్మాన్‌ను తలుచుకునేవాళ్లు తరచు "చూశారా, ఆయన ముస్లిమైనా" అని మొదలుపెడతారు. ఆ "అయినా" నాకూ నచ్చదు. అది పొగుడుతున్నట్టే ఉంటుంది గానీ, మిగతావాళ్లందరినీ బోనులో నిలబెడుతుంది. అయితే ఆయన మతాన్ని కథలోంచి పూర్తిగా తీసేస్తే 1947 నాటి నిర్ణయం బరువు అర్థం కాదు. ఈ ప్రాంతం వాళ్లకు ఆ రోజులు అంత దూరమేమీ కాదు. 1948లో దోర్నాల మద్రాసు ప్రావిన్సులో, కర్నూలు జిల్లా మార్కాపురం తాలూకాలో ఉండేది, ప్రకాశం జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు. నల్లమల దాటి కృష్ణ అవతలి ఒడ్డుకు పోతే నిజాం రాజ్యం. అక్కడ రజాకార్ల అలజడి. ఉస్మాన్ చనిపోయిన సరిగ్గా ఏడు వారాలకు, ఆగస్టు 21 రాత్రి, హైదరాబాదులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు చంపేశారు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాయడమే ఆయన చేసిన నేరం. రాసిన చేతిని కూడా నరికారు. సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాదులోకి కదిలింది. ఒకరు బ్రిగేడియర్, ఒకరు పాత్రికేయుడు. ఒకరి చేతిలో పటాలం ఉంది, ఇంకొకరి చేతిలో కలం తప్ప ఏమీ లేదు. ఇద్దరూ తమవాళ్లనుకున్నవాళ్లు పొమ్మన్న దారిలో పోకుండా నిలిచారు. ధైర్యం నిర్ణయాల్లో ఉంటుందని నేనంటున్నాను కదా, షోయబుల్లా కథ ఆ మాటను సైన్యం బయటకు కూడా తీసుకెళుతుంది.

ఉస్మాన్ అంత్యక్రియలకు ప్రధాని నెహ్రూ వచ్చారు. ఢిల్లీలో జామియా మిలియా విశ్వవిద్యాలయం పక్కన సమాధి చేశారు. 2020 డిసెంబరులో ఆ సమాధి రాయి పగిలి ఉందన్న వార్త వచ్చింది, తర్వాత సైన్యం దాన్ని బాగుచేయించింది. డెబ్బై ఏళ్లలో ఆ పక్కనుంచి నడిచిపోయిన విద్యార్థుల్లో ఎందరికి ఆ పేరు తెలుసో నాకు అనుమానమే. మన ఊళ్లలో సైనికుల స్తూపాలు, విగ్రహాలు చూడండి. పేరు ఉంటుంది, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉంటాయి, ఆవిష్కరించిన నాయకుల పేర్లు అంతకంటే పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఆ సైనికుడు ఏ పటాలంలో, ఏ కొండ మీద, ఏ పని చేస్తూ ఉన్నాడో మాత్రం ఉండదు. నౌషేరా ఉన్న రాజౌరీ జిల్లాకు పక్కనే పూంచ్. 1948లో ఉస్మాన్ కాపాడిన గుట్టల వరస, 2024లో సుబ్బయ్య గస్తీ తిరిగిన గుట్టల వరస ఒకే సరిహద్దు పొడవునా సాగుతాయి. ఈ సంగతి మార్కాపురంలోనో కంభంలోనో పదో తరగతి పిల్లవాడికి చెప్పడానికి పటం ఒకటి, పది నిమిషాల సమయం చాలు. రాతి మీద ఇంకో రెండు వరసలు చెక్కించడానికి శిల్పికి ఒక పూట పని. పటాలం పేరు, గుట్ట పేరు, ఆ రోజు అప్పగించిన పని రాస్తే సరిపోతుంది. తెలియని వివరం ఏదైనా ఉంటే ఖాళీగా వదిలేయవచ్చు, దాన్ని విశేషణాలతో నింపనక్కర్లేదు.